‘అయితే’ వెనుక ‘ఎందుకంటే’: చాట్‌బాట్‌కు లోకజ్ఞానం

“వాన పడితే నన్ను పెందలాడే లేపు, సంతకు వేళకు చేరాలి” అని ముంచింగిపుట్టు మండలంలోని ఒక కొండపల్లె రైతు తన ఫోన్‌లోని చాట్‌బాట్‌కు చెప్పినట్లు ఊహించవచ్చు. ఈ మాటలో షరతు, చర్య, ఉద్దేశం మూడూ ఉన్నాయి. వ్యాకరణం చేదర్థకంగా పేర్కొనే ‘పడితే’ షరతును తెలుపుతుంది. కాని వానకూ పెందలాడే లేవడానికీ గల సంబంధం వాక్యంలో లేదు. వాన పడితే కొండగెడ్డ పొంగుతుంది. గెడ్డ పొంగితే చుట్టుదారిన నడవాలి. దూరం పెరిగితే ముందుగా బయలుదేరాలి. సంత లేని రోజున వాన పడినా లేపనక్కరలేదు. వినే మనిషికి చెప్పకుండానే తెలిసే ఈ గొలుసే లోకజ్ఞానం.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ మిచెల్ తదితరులు 2021లో ఏఏఏఐ సదస్సులో వివరించిన ‘కోర్గి’ ఈ సమస్యనే చేపట్టింది. అది ఉద్దేశం నుండి వెనుకకు తర్కిస్తూ షరతును చేరే నిరూపణను వెదకుతుంది. నడుమ లంకె దొరకనప్పుడు వినియోగదారునే అడిగి, ఆ సమాధానాన్ని తన జ్ఞాననిధిలో చేర్చుకుంటుంది.

2019లో వెలువడిన ‘అటామిక్’ నిధిలో ‘ఇలా జరిగితే అలా’ అనే తీరు వివరణలు సుమారు 8,77,000 ఉన్నాయి. అయినా ఎంత పెద్ద నిధిలోనైనా ఆ పల్లె గెడ్డ, ఆ చుట్టుదారి ఉంటాయని చెప్పలేము. కనుక ఇక్కడ అడిగి తెలుసుకునే పద్ధతికే విలువ ఎక్కువ. ఆ ప్రశ్న తెలుగులోనే కాక, ఈ కొండల్లో వినిపించే కువి, ఆదివాసీ ఒడియా భాషల్లోనూ ఉండాలి. లేకుంటే యంత్రం తన ఊహనే జ్ఞానంగా గ్రహిస్తుంది. రైతుకు సంత తప్పిపోతుంది.