ధాన్యం ఆరబెట్టే బట్టీ: ఐర్లండ్ తవ్వకాల నుంచి ఒక ఉదాహరణ

ఐర్లండ్‌లో కోతల కాలంలో కూడా వానలు పడతాయి. మన రైతు కళ్లంలో ఎండకు ఆరబోసే ధాన్యాన్ని అక్కడి రైతు మంట వేడికి ఆరబెట్టవలసి వచ్చేది. ఇందుకోసం నేలలో తవ్వి కట్టిన నిర్మాణాన్ని పురావస్తు శాస్త్రజ్ఞులు 'కార్న్ డ్రైయింగ్ కిల్న్' అంటారు. 'కార్న్' అనగానే మనకు మొక్కజొన్న గుర్తుకు వస్తుంది. కాని మొక్కజొన్న ఐరోపాకు చేరింది 1492లో కొలంబస్ చేసిన ప్రయాణం తరువాతనే. ఇక్కడ ఆ మాటకు తిండిగింజలు అని మాత్రమే అర్థం. ఈ బట్టీలలో ఎక్కువగా దొరికేవి బార్లీ, ఓట్స్. కొన్నిచోట్ల గోధుమ, రై కూడా ఉన్నాయి.

1990ల తరువాత రహదారుల నిర్మాణానికి ముందు జరిపిన తవ్వకాలలో ఇటువంటి బట్టీలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. వీటిలో అధికభాగం క్రీ.శ. తొలి సహస్రాబ్దికి చెందినవి.

పైనుంచి చూస్తే బట్టీ 8 అంకెలాగానో, తాళంచెవి రంధ్రంలాగానో కనిపిస్తుంది. ఒక చివర మంట పెట్టే గుంట, మరో చివర ధాన్యం ఆరే గుంట, రెంటినీ కలుపుతూ ఇరుకైన కాలువ ఉంటాయి. ఆరే గుంటపైన కర్రలు పేర్చి, గడ్డి పరచి, దానిమీద ధాన్యం పోసేవారు. కాలువ ఊరికే పెట్టింది కాదు. వేడిగాలి మాత్రమే ధాన్యాన్ని చేరాలి, నిప్పురవ్వలు చేరకూడదు. ఈ జాగ్రత్త అన్నిసార్లూ ఫలించలేదు. గడ్డి అంటుకుని ధాన్యం మాడితే ఆ కుటుంబానికి తిండి పోయినట్లే. మనకు మాత్రం అదే ఆధారం. ఆరిన ధాన్యం క్షేమంగా ఇంటికి చేరి ఉంటే బట్టీలో చెప్పుకోదగినది మిగిలేది కాదు. గాలి అంతగా తగలనిచోట మాడి బొగ్గుగా మారిన గింజను సూక్ష్మజీవులు తినలేవు. అందువల్ల అది వెయ్యేళ్లు దాటినా ఆకారం చెడకుండా నిలుస్తుంది.

ఈ గింజలను చేతితో ఏరడం సాధ్యం కాదు. బట్టీలోని మట్టిని సంచులకెత్తి నీటిలో కలుపుతారు. మట్టి అడుగుకు దిగుతుంది, తేలిన బొగ్గును, గింజలను సన్నని జల్లెడతో పట్టి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. గింజలు మొలకెత్తి కనిపిస్తే వెంటనే 'బీరు కోసం మాల్ట్ తయారుచేశారు' అని రాయడం తొందరపాటే. తుపాను వానలకు పనలమీదే వరి మొలకెత్తడం మన రైతులకు తెలిసినదే. అక్కడా అలా జరిగి ఉండవచ్చు. అత్యధిక గింజలు మొలకెత్తి, మొలకలు దాదాపు ఒకే పొడవున ఉంటేనే మాల్ట్ అనే వాదానికి బలం వస్తుంది.

బట్టీల పక్కన తరచు గుంటలూ ఉంటాయి. వాటిని చూడగానే మన పాతరల వంటివని అనుకోరాదు. ముందు గుంటలో సగభాగమే తవ్వి, నిలువుగా మిగిలిన మట్టి పొరలను గీసి నమోదు చేస్తారు. గుంటను తవ్విన ఉద్దేశం వేరు, అది నిండిన తీరు వేరు. బట్టీనుంచి ఊడ్చిన బూడిద ఒక గుంటలో దొరికితే, ఆ గుంట చివరకు చెత్తకుండీగా మారిందని మాత్రమే రుజువవుతుంది. గోడలు కాలి ఎర్రబడకుండా లోపల బొగ్గు మాత్రమే ఉంటే, మంట అక్కడ మండలేదని, బొగ్గు బయటినుంచి వచ్చి పడిందని భావించడం సబబు.

ఇక కాలనిర్ణయం. రేడియోకార్బన్ పరీక్షకు ఓక్ కర్రబొగ్గును పంపితే పొరపాటు జరగవచ్చు. ఓక్ చెట్టు వందల ఏళ్లు బతుకుతుంది; దాని మాను లోపలి చేవనుంచి వచ్చిన బొగ్గు, మంట పెట్టిన రోజుకన్నా ఎంతో పాత తేదీని చూపుతుంది. బార్లీ గింజ ఒక్క పంటకాలంలో పెరిగినదే కనుక దాని తేదీ నమ్మదగినది. అయితే ఆ ఒక్క గింజను ఏ పురుగో, ఎలుకో పై పొరనుంచి కిందికి తెచ్చి ఉండవచ్చు. అందుకే బట్టీ అడుగున కదలని పొరలో కుప్పగా దొరికిన గింజలనుంచే నమూనా తీస్తారు. అప్పుడు కూడా తెలిసేది బట్టీని కట్టిన తేదీ కాదు, అందులో చివరగా ధాన్యం మాడిన తేదీ.

అభ్యాసం: ఒక బట్టీ అడుగున ఓక్ బొగ్గు, బార్లీ గింజలు కలిసి దొరికాయి. బొగ్గు తేదీ గింజల తేదీకన్నా 200 సంవత్సరాలు ముందుగా వచ్చింది. దీనికి రెండు కారణాలు ఊహించి, వాటిలో ఏది సరైనదో తేల్చడానికి బట్టీలో ఇంకా ఏమి పరిశీలిస్తారో 10 వాక్యాలలో రాయండి.