రోకలిబండను చూచి బెదరవద్దు

తొలకరి జల్లులు పడగానే పెరటి గోడల వెంట, స్నానాల గది తూముల దగ్గర, తులసికోట చుట్టూ రోకలిబండలు బయలుదేరుతాయి. వాటిని చూచి "జెర్రి, జెర్రి" అని కేకలు వేసే గృహిణులు ఎందరో. ఈ రెండూ ఒకటి కావు.

జెర్రిది బల్లపరుపు దేహం. కణుపుకు ఒక జత కాళ్లు. వేగంగా పరుగెత్తుతుంది, విషంతో కుడుతుంది. సుశ్రుత సంహిత కల్పస్థానం శతపదులను ఎనిమిది విధాలుగా చెప్పింది. రోకలిబండది గుండ్రని దేహం. చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు. నెమ్మదిగా నడుస్తుంది, తాకితే చుట్ట చుట్టుకుంటుంది. కుట్టదు. మన ఇళ్లలో తరచుగా కనిపించేది ఇటుక రంగుది.

అయితే ఇది పూర్తిగా నిరపాయకరం కాదు. బెదరినప్పుడు పక్కల నుండి ఘాటైన ద్రవం స్రవిస్తుంది. అది తగిలిన చర్మం మండి, గోధుమ రంగు మచ్చ పడుతుంది. కంటికి తగిలితే ప్రమాదమే.

గురుకులంలో ఉండగా, నా పన్నెండవ యేట, పశువుల కొట్టం ఊడుస్తూ ఒకదానిని చేతితో తీసి, ఆ చేతితోనే కన్ను నలుపుకున్నాను. నిప్పు పడినట్లయింది. సహాధ్యాయి ఆముదం చుక్క వేయబోగా గురువుగారు వారించి, బావి దగ్గర చెంబు తరువాత చెంబు నీళ్లు పోయించారు. "ముందు కడుగు, మందు మాట తరువాత" అన్నారు. అంతటి వైద్యులై ఉండి కూడా, ఆనాడే నన్ను పట్నంలోని కంటి వైద్యుని వద్దకు తీసుకొనిపోయారు. నా కన్ను దక్కింది.

కనుక కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీటితో కడిగి, అదే రోజు కంటి వైద్యునికి చూపాలి. తేనె, చనుబాలు, పసుపు, పన్నీరు ఏవీ వేయరాదు. చర్మానికి తగిలితే సబ్బుతో బాగా కడగాలి. మంట మిగిలితే, చర్మం చిట్లనిచోట కలబంద గుజ్జు రాయవచ్చు. మచ్చ క్రమంగా తానే పోతుంది. బొబ్బలు లేస్తే వైద్యుని చూడాలి. సున్నం, కిరసనాయిలు పూయరాదు.

ఇక నివారణ. దీనికి తడి, కుళ్లిన ఆకులే ఆధారం. గోడల వెంట చెత్త, నానిన కట్టెలు తీసివేయండి. నీరు కారే కుళాయిలు బాగుచేయించండి. తూములకు సన్నని జాలీ బిగించండి. గుమ్మం క్రింది సందు మూయండి. చెప్పులు, పక్కబట్టలు దులిపి వాడండి. లోపలికి వచ్చినదానిని నలపక, చీపురుతో చేటలోకి ఎత్తి దూరంగా చెట్టు మొదట వదలండి. పసిపిల్లలు పాకే నేలపై పురుగుమందు చల్లడం రోకలిబండ కన్న పెద్ద కీడు.

ఎండుటాకును మన్నుగా మార్చే జీవి అది. దాని చోటు పెరడు. మన జాగ్రత్త గడప దగ్గర.