మూలుగ నుంచి ఎముక

విరిగిన ఎముక చాలావరకు తనంతట తానే అతుక్కుంటుంది. కానీ ప్రమాదంలోనో, కణితి తీసేసినప్పుడో పెద్ద ముక్కే పోతే ఆ ఖాళీ పూడదు. అప్పుడు రోగి తుంటి నుంచే కొంత ఎముక తీసి అక్కడ అమర్చుతారు. దానివల్ల రెండో గాయం, రెండో నొప్పి. పైగా దొరికే ఎముక కొంచెమే.

ఈ చిక్కుకు దారి చూపుతున్నవి మూలకణాలు. మాంసాహారులకు బాగా తెలిసిన మూలుగలోనే అవి ఉంటాయి; కొవ్వులోనూ దొరుకుతాయి. మూలుగ కణాల నుంచి ఎముక పుడుతుందని 1960లలో సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టీన్ చూపాడు. ప్రయోగశాలలో వాటికి విటమిన్ సి, డెక్సామెథసోన్, ఫాస్ఫేట్ అందిస్తే కొన్ని వారాల్లో ఎముక కణాలుగా మారి చుట్టూ కాల్షియం పేరుస్తాయి. అలిజరిన్ రంగు పోస్తే పళ్లెం అడుగున ఆ కాల్షియం ఎర్రటి మచ్చలుగా తేలుతుంది.

కణాలొక్కటే చాలవు. ఇల్లు కట్టేటప్పుడు పరంజా ఉన్నట్టు వాటికీ ఓ ఆధారం కావాలి. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గోర్డానా వున్యాక్ నొవాకోవిచ్ బృందం, పాత కణాలన్నీ కడిగేసిన ఎముకను స్కాన్ బొమ్మల ప్రకారం దవడ కీలు ఆకారంలో చెక్కింది. అందులో మానవ మూలకణాలు నింపి, పోషక ద్రవం రంధ్రాల గుండా పారేలా చేసింది. ఐదు వారాలకు సజీవ ఎముక తయారైంది. అసలు కిటుకు ఆ పారుదలలోనే ఉంది: ద్రవం కదలకపోతే పైపొర బతుకుతుంది, లోపలి కణాలు చచ్చిపోతాయి.

శరీరంలో అమర్చాక కూడా ఇదే సమస్య. రక్తనాళానికి మిల్లీమీటరులో ఐదోవంతు దూరం దాటితే కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. పెద్ద ముక్క లోపలిదాకా రక్తనాళాలను త్వరగా పెంచడం ఇంకా కష్టంగానే ఉంది. అందుకే నేటికీ వైద్యుల మొదటి ఎంపిక రోగి సొంత తుంటి ఎముకే.