కొత్త కుక్కపిల్లను చూసి పెద్ద కుక్క ఎందుకు గుర్రుమంటుంది?

ఇంట్లోకి కుక్కపిల్ల రాగానే పాత కుక్క గుర్రుమంటే దానికి అసూయ అనేస్తాం. నిజానికి అది దెబ్బలాట కాదు, దెబ్బలాట రాకుండా చేసే హెచ్చరిక. కుక్క కంటికన్నా ముక్కునే ఎక్కువ నమ్ముతుంది. తన వాసన నిండిన ఇంట్లో, తన గిన్నె పక్కన, కొత్త వాసన ఉన్నట్టుండి దూరితే కంగారు పడదా? అందుకే ముందు పిల్ల పడుకున్న గుడ్డను పెద్దదానికి వాసన చూపించి, తర్వాత రెండింటినీ ఇంటి బయట కలపడం మేలు. పార్వో అనే అంటువ్యాధికి టీకాలు పూర్తికాని పిల్లను మాత్రం వీధికుక్కలు తిరిగే నేల మీద దించకూడదు.

గుర్రుమంటే గట్టిగా అదిలించాలి కదా అంటారు కొందరు. అదిలిస్తే గుర్రు ఆగుతుంది, చిరాకు ఆగదు. రేపు హెచ్చరిక లేకుండానే కరవొచ్చు. పైగా పిల్లకు ఆ గుర్రే పాఠం. సూదుల్లాంటి పాలపళ్లతో చెవి పట్టి లాగితే పెద్దది చాలాసార్లు ముందు మొహం తిప్పుకుంటుంది, తర్వాత పెదవి పైకెత్తి పళ్లు చూపిస్తుంది, ఆపైనే గుర్రుమంటుంది. దాదాపు 3 నుంచి 14 వారాల వయసులో పిల్లలు ఇలాంటివి చకచకా పట్టేస్తాయి. అలాగని అవే తేల్చుకుంటాయిలే అని వదిలేయడమూ తప్పే. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు పిల్ల దూకుడు నిజంగానే బాధ. దానికి పిల్ల చేరలేని మూల, విడిగా గిన్నె ఉండాలి. పెద్దది ఒళ్లు బిగించి, రెప్పవేయకుండా చూస్తోందంటే మాత్రం వెంటనే విడదీయాలి.