గోడకు తగిన తొడుగు

కూడు, గుడ్డ, గూడు అనే మూడూ మానవుని ప్రాథమికావసరాలు. వీటిలో గూడును సమకూర్చుకోవడం తక్కిన రెండింటికంటె కష్టసాధ్యం. అందుకే మన పెద్దలు 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు. పునాది మొదలుకొని పైకప్పు వరకు సాగే నిర్మాణభారాన్ని దృష్టిలో ఉంచుకొని పుట్టిన సామెత అది. నేడు పైకప్పు వేసిన తరువాత కూడ ఆ భారం తీరడం లేదు. గదుల లోపలి అలంకరణ ప్రత్యేకమైన వ్యయాన్ని, ఆలోచనను కోరుతున్నది. ఈ అలంకరణలో గోడలకు పలకలు తొడగడం ఒక ముఖ్యభాగం. దీనినే వాడుకలో ప్యానెలింగ్ అంటారు. ఏ గోడకు ఏ పలక తగినదో తెలుసుకోవడమే ఈ పాఠంలోని విషయం.

గోడను కప్పడం కొత్తగా పుట్టిన వేడుక కాదు. చలిదేశాలలో రాతిగోడల చల్లదనం గదిలోకి రాకుండా ఓక్ వంటి గట్టి చెక్కపలకలను గోడలకు బిగించేవారు. మన పల్లెలలో మట్టిగోడను అలికి, పైభాగాన సున్నం వేసి, కిందిభాగాన జాజుతో ఎర్రని పట్టె దిద్దేవారు. నేలనుంచి చిమ్మే బురద, వీపు ఆనించి కూర్చున్నవారి నూనెమరకలు ఆ పట్టెలో కలిసిపోయేవి. కింది భాగం మాసినప్పుడు ఆ భాగానికే మళ్ళీ పూత పూసేవారు. చెక్కపలక అయినా, జాజుపట్టె అయినా ఒక అవసరంనుంచి పుట్టినదే. కాబట్టి పలకలను ఎంచుకొనేవారు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న 'ఏది అందంగా ఉంటుంది?' అన్నది కాదు. 'ఈ గోడకు ఏమి కావాలి?' అన్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణంలో పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంటిని ఊహించుకోండి. ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళయింది. ముందుగదిలోని పడమటి గోడ ప్రతి వర్షాకాలంలోను చెమ్మగిల్లి పెచ్చులు రాలుస్తున్నది. ఇంట్లో ఉబ్బసంతో బాధపడే మనుమరాలున్నది. చిన్నకుమార్తె నిశ్చయతాంబూలాలకు నెలరోజులే గడువు. "మాస్టారూ, ప్లాస్టిక్ పలకలు బిగిస్తే రెండు రోజులలో గోడ అద్దంలా ఉంటుందండీ" అన్నాడు వడ్రంగి. ఉపాధ్యాయుడు దాచుకొన్న సొమ్ము తీయడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు ఆయన భార్య, "ఏమండీ, గోడకు జబ్బు చేస్తే చొక్కా తొడిగినంత మాత్రాన నయమవుతుందా?" అని అడిగింది. ఈ ప్రశ్నలోనే గోడతొడుగు శాస్త్రంలోని మొదటి సూత్రం ఉన్నది.

గోడను పరీక్షించడం

చెమ్మ ఉన్న గోడకు పలక బిగిస్తే చెమ్మ పోదు. మన కంటికి మరుగవుతుంది. పలకకు, గోడకు నడుమ గాలి ఆడని చీకటిలో బూజు పెరుగుతుంది. బూజునుంచి వెలువడే సూక్ష్మబీజాలు ఉబ్బసం గలవారికి హాని చేస్తాయి. చెక్కబద్దలు చివికిపోతాయి. చెదలకు చెమ్మ, చీకటి, చెక్క మూడూ ఒకేచోట దొరుకుతాయి.

గోడలో చెమ్మ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉన్నది. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గోడమీద పరచి, నాలుగంచులను గాలి చొరకుండ అంటించాలి. ఒకటి రెండు రోజుల తరువాత చూడాలి. కాగితం లోపలివైపు, అనగా గోడవైపు, నీటిబిందువులు కనిపిస్తే చెమ్మ గోడలోనుంచి వస్తున్నదని అర్థం. బయటివైపు మాత్రమే తేమ కనిపిస్తే అది గదిలోని గాలినుంచి వచ్చినది. మొదటి సందర్భంలో నీరు ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టి బాగుచేయాలి. మేడమీది నీరు దిగే గొట్టం పగలవచ్చు. స్నానాలగది గోడలోని గొట్టం కారవచ్చు. పునాదినుంచి నీరు పైకి పాకవచ్చు. కారణం తొలగించి, గోడ పూర్తిగా ఆరిన తరువాతనే తొడుగు సంగతి ఆలోచించాలి. కొత్తగా పూత పూసిన గోడనైనా కొన్ని వారాలపాటు ఆరనివ్వాలి.

పలకల రకాలు

గోడ ఆరోగ్యంగా ఉన్నదని తేలిన పిమ్మట పలకల గుణదోషాలను పరిశీలించాలి.

సహజమైన చెక్కలలో టేకు మేలైనది. దానిలోని సహజతైలం చెదలను, చెమ్మను చాలవరకు నిరోధిస్తుంది. కాని దాని వెల అధికం. చెక్క ఏదైనా వానకాలంలో గాలిలోని తేమను పీల్చి అడ్డంగా వ్యాకోచిస్తుంది, వేసవిలో సంకోచిస్తుంది. అందుచేత పలకలను బిగించడానికి ముందు కొన్ని రోజులు ఆ గదిలోనే ఉంచాలి. అంచులవద్ద కొద్దిపాటి ఖాళీ వదలాలి.

పలుచని చెక్కపొరలను ఒకదాని నార మరొకదానికి అడ్డంగా వచ్చేటట్లు జిగురుతో అతికించి ప్లైవుడ్ తయారుచేస్తారు. పొరలు ఇలా ఎదురెదురుగా ఉండడంవల్ల పలక సులభంగా వంగదు, చీలదు. దీనిలో రకాలున్నాయి. సాధారణ రకం తేమను కొంతవరకు మాత్రమే ఓర్చుకొంటుంది. మెరైన్ ప్లైవుడ్ నీటికి తట్టుకొనే రకం. దీనికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710. ఈ ప్రమాణం ప్రకారం నమూనా ముక్కను 72 గంటలపాటు మరిగే నీటిలో ఉంచి జిగురు బలాన్ని పరీక్షిస్తారు. కొనేటప్పుడు పలకమీద ప్రమాణసంఖ్య ముద్ర ఉన్నదో లేదో చూడడం వినియోగదారుని హక్కు, బాధ్యత కూడ.

చెక్కనారను జిగురుతో కలిపి వేడితో, ఒత్తిడితో అదిమి తయారుచేసే పలకను ఎం.డి.ఎఫ్. అంటారు. దీని తలం నున్నగా ఉంటుంది. చిత్రవిచిత్రమైన చెక్కడాలకు లొంగుతుంది. కాని నీరు తగిలితే అంచులు ఉబ్బిపోతాయి. నీళ్ళు పోసి నేల కడిగే అలవాటున్న మన ఇళ్ళలో దీనిని నేలకు తాకించి బిగించడం పొరపాటు.

పి.వి.సి. పలకకు నీటి భయం, చెదల భయం లేవు. తేలికగా ఉంటుంది, వెల తక్కువ. కాని సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. మండితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువును వదులుతుంది. కనుక వంటపొయ్యి వెనుక గోడకు ఇది తగదు. అక్కడ పింగాణీ పలకలో, రాతిబండలో శ్రేష్ఠం. రాయి కావాలనుకొనేవారికి మన తాండూరు, కడప బండలున్నాయి. ఒకప్పుడు పిల్లలు ఓనమాలు దిద్దిన మార్కాపురం పలకరాయి ఇప్పుడు గోడలమీద కూడ కనిపిస్తున్నది.

జిప్సం పలక నీటికి ఓర్వదు, నిప్పుకు ఓర్చుకొంటుంది. జిప్సం బరువులో దాదాపు ఐదవ వంతు నీరు స్ఫటికరూపంలో బంధితమై ఉంటుంది. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరిగా మారుతూ వేడిని హరిస్తుంది. అంతసేపు పలక వెనుకభాగం వేడెక్కకుండ ఉంటుంది. ఒక పదార్థానికి నీటివల్ల కలిగే బలహీనతను, నీటివల్లనే కలిగే రక్షణను ఇక్కడ ఒకేచోట చూడవచ్చు.

వెదురుచాపలను జిగురులో తడిపి, పొరలుగా పేర్చి, వేడిగా అదిమి చేసే పలక మరొకటి. బెంగళూరులోని భారతీయ ప్లైవుడ్ పరిశ్రమల పరిశోధన, శిక్షణ సంస్థ దీని తయారీవిధానాన్ని అభివృద్ధి చేసింది. చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడితే వెదురు కొన్ని ఏళ్ళలోనే కోతకు వస్తుంది. తడికెలు, చాపలు అల్లే మేదరుల చేతిపనికి ఇటువంటి పలకలు కొత్త ప్రయోజనాన్ని చూపిస్తున్నాయి.

గాలి, నిప్పు, ధ్వని

గోడమీద ఉన్నది గోడమీదనే ఉండదు. కొంత మన ఊపిరిలోకి కూడ చేరుతుంది. చెక్కపలకల తయారీలో వాడే కొన్ని జిగురులనుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెమ్మదిగా వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. ఈ వాయువును తక్కువగా విడిచే పలకలను ఇ-1, ఇ-0 వంటి గుర్తులతో అమ్ముతారు. పలకలు బిగించిన కొత్తలో కిటికీలు తెరిచి, గాలి బాగా ఆడనివ్వడం అవసరం.

నిప్పు విషయంలో ఏమరుపాటు ఎంత ప్రమాదకరమో ఒక దుర్ఘటన తెలుపుతుంది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక సంగీతశాలలో వేదికమీద కాల్చిన బాణసంచా నిప్పురవ్వలు, ధ్వనిని అణచడానికి గోడలకు అంటించిన నురుగుపలకలకు తగిలాయి. మంటలు నిమిషాలలో శాలనంతా చుట్టుముట్టాయి. 100 మంది ప్రాణాలు కోల్పోయారు. మన జాతీయ భవననిర్మాణ స్మృతి గోడతొడుగులను మంట పాకే వేగాన్నిబట్టి నాలుగు తరగతులుగా విభజించింది. మెట్లు, నడవలు మనుషులు తప్పించుకొనే దారులు; అక్కడ మంట వేగంగా పాకే తొడుగు ఉండరాదు.

ధ్వని విషయం కూడ గమనింపదగినది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాసశాలలో గురువుల మాటలు ప్రతిధ్వనించి విద్యార్థులకు అర్థం కాకుండా పోయేవి. వాలెస్ సాబిన్ అనే ఆచార్యుడు మరొక శాలనుంచి మెత్తలు తెప్పించి పరచి, అవి ధ్వనిని ఎంత పీల్చుకొంటున్నవో కొలిచాడు. గట్టి, నున్నని తలం ధ్వనిని తిప్పికొడుతుందని, మెత్తని, రంధ్రాలు గల తలం దానిని పీల్చుకొంటుందని ఇటువంటి పరిశోధనలు స్పష్టం చేశాయి. తరగతిగదికి, గ్రంథాలయానికి పలకలు ఎంచుకొనేవారు ఈ సంగతి మరువరాదు.

కొలత, ఖర్చు

పలకలు సాధారణంగా ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో లభిస్తాయి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గల గోడను పూర్తిగా కప్పాలంటే మూడు పలకలు నిలువుగా బిగించాలి. పైన మిగిలే రెండడుగుల పట్టీకి నాలుగవ పలకను కోయాలి. అదే గోడను నాలుగడుగుల ఎత్తువరకు మాత్రమే కప్పితే రెండు పలకలు చాలుతాయి. పలకల ఖర్చు సగమవుతుంది. గోడ పైభాగం గాలి పీల్చుకొంటుంది. జాజుపట్టె నేర్పిన పొదుపు ఇదే. బిగించేటప్పుడు నేలకు కొంచెం పైగా మొదలుపెట్టాలి. నీటిగొట్టాలు, విద్యుత్తు తీగల కూడళ్ళు ఉన్నచోట తెరిచి చూడడానికి వీలుగా చిన్నతలుపు ఉంచాలి.

ఇక ఉపాధ్యాయుని ఇంటికి వద్దాం. ప్లాస్టిక్ కాగితం పరీక్షలో గోడవైపు నీటిబిందువులు కనిపించాయి. మేడమీదికి ఎక్కి చూస్తే వాననీటి గొట్టం అతుకు విడిపోయి ఉన్నది. దానిని బాగుచేయించి, రాలిన పెచ్చులు తీయించి, ఆ గోడకు సున్నం మాత్రం వేయించారు. నిశ్చయతాంబూలాలు ఆ సున్నపు గోడ ముందే జరిగాయి. గోడకు పలకలెందుకు లేవని వచ్చినవారిలో ఒక్కరూ అడగలేదు. గోడ ఒక వర్షాకాలం పొడిగా నిలిచిందని చూసుకొన్న తరువాత, మరుసటి వేసవిలో నాలుగడుగుల ఎత్తువరకు వెదురుపలకలు బిగించారు. దాచుకొన్న సొమ్ములో ఎక్కువ భాగం మిగిలింది. మనుమరాలు ఆ గదిలోనే చదువుకొంటున్నది.

ఎంపిక అంటే అంగడిలో ఉన్న వాటిలో మెరిసేదానిని తీసుకోవడం కాదు. అవసరాన్ని గుర్తించడం, దోషాన్ని దాచక సరిదిద్దడం, ఆ ఇంట్లో ఊపిరి పీల్చేవారిని తలచుకోవడం, చేతిలోని ధనాన్ని ఎరిగి మెలగడం - ఈ నాలుగూ కలిస్తేనే అది ఎంపిక అవుతుంది. ఇంటికి అందం గోడమీది పలకవల్ల కొంత వస్తుంది. ఆ పలక వెనుక గోడ పొడిగా ఉన్నదన్న నిశ్చింతవల్ల మరింత వస్తుంది.