ఆకాశానికి ప్రాకారం లేదు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, దుత్తలూరు చుట్టుపట్ల పుట్టి పెరిగిన పిల్లవానికి రక్షణ అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. ఉదయగిరి కొండను చూపితే చాలును. ఆ కొండమీది కోటను గజపతుల నుండి గెలుచుకొనడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వానికే 1513, 1514 సంవత్సరాలలో సుమారు ఏడాదిన్నర పట్టినది. ముట్టడి అంటే ఆనాడు అట్లా ఉండేది. శత్రువు వచ్చే దారి కనిపించేది. వాని గుడారాలు కనిపించేవి. కోటలోని వానికి భయం ఉండవచ్చునుగాని, ఆ భయం ఏ దిక్కునుండి వస్తున్నదో సందేహం లేదు.

గడచిన నూరేళ్లలో మారినది ఈ సంగతే. దాడి ఎప్పుడు, ఎటునుండి వచ్చునో సామాన్యునికి తెలియదు. ఆయుధం చేసే హాని ఒకటి. తెలియకపోవడం చేసే హాని మరొకటి. ఈ రెండవదాని లెక్క పాఠ్యగ్రంథాలలో అరుదుగా గాని కనిపించదు. తెలుగువారు చవిచూచిన కొన్ని ఘట్టాలలో దానిని వెదకి చూద్దాము.

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మనీ యుద్ధనౌక మద్రాసు రేవు ముందుకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ వారి కిరసనాయిలు ట్యాంకులపై నూరుకు పైగా గుండ్లు ప్రయోగించినది. యుద్ధం మొదలై ఏడు వారాలు గడచినా పట్టణంలో దీపాలు యథాప్రకారం వెలుగుతున్నవి. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ పని ముగించుకొని చీకటిలో కలసిపోయినాడు. చనిపోయినవారు బహు కొద్దిమంది. కాని మరునాటి నుండి వేలాది జనం మూటాముల్లె కట్టుకొని పట్టణం విడిచిపోయినారు. నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెన్‌ను ధ్వంసం చేసినది. నౌక పోయినా పేరు పోలేదు. గడుసువానిని తమిళులు ‘ఎమ్డెన్’ అనడం అప్పటినుండి వచ్చిన వాడుక. ఆ పారిపోయిన జనాన్ని పిరికివారని నవ్వడం సులభమే. సముద్రం మాకు పెట్టని కోట అని ప్రభువులు చెప్పగా నమ్మినవారు, ఆ కోట ఒక్క రాత్రిలో లేకుండా పోతే ఏమి చేయగలరు?

రంగూను కథ ఇంతకన్న దారుణమైనది. శ్రీకాకుళం, విశాఖపట్టణం, గోదావరి ప్రాంతాల నుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి బర్మాకు పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరిట వారిని అక్కడ కోరంగీలనేవారు. రంగూను రేవులో బస్తాలు మోసినది, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినది చాలవరకు వీరే. 1941 డిసెంబరు 23న జపాను బాంబర్లు ఆ నగరంపైకి వచ్చినవి. అప్పుడు వీధులలోని జనం ఏమి చేసినారో చదివితే గుండె కలుక్కుమంటుంది. తలలెత్తి చూస్తూ నిలబడినారు. విమానాలు వెండిపక్షులవలె మెరుస్తూ వస్తుంటే అదొక వింత. నేలమీద పడుకోవలెనని, గోడచాటుకు పోవలెనని వారి మనసుకెక్కేటట్లు చెప్పినవారు లేరు. ఆ ఒక్కనాడే వేయిమందికి పైగా మరణించినారు. క్రిస్టమస్ నాడు విమానాలు మళ్లీ వచ్చినవి.

బ్రతికినవారు ప్రోము దారి పట్టినారు. కూలీలు లేక రేవు స్తంభించగా అధికారులు వారికి అభయమిచ్చి, నచ్చజెప్పి, చాలమందిని వెనుకకు రప్పించినారు. ఆ మాట విని తిరిగివచ్చినవారికి దక్కినదేమి? 1942 మార్చి 8న రంగూను జపాను వశమైనది. అప్పటికి ఓడలలో చోటు చిక్కనివారు అరకాను కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా కాలినడకన స్వదేశానికి బయలుదేరినారు. ఆ ఏడు బర్మా విడిచిన భారతీయుల సంఖ్య నాలుగైదు లక్షలని చరిత్రకారుల అంచనా. కలరా, మలేరియా, ఆకలి దారిలో వేలాదిమందిని పొట్టనపెట్టుకొన్నవి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి ఏర్పరచినారని అప్పుడే మన నాయకులు నిలదీసినారు. బాంబు తగిలి చచ్చినవారికన్న మాట నమ్మి చచ్చినవారు ఎక్కువేమో అనిపిస్తుంది.

ఆ వార్తలు తీరానికి చేరుతుండగానే యుద్ధం మన గుమ్మంలోకి వచ్చినది. 1942 ఏప్రిల్ 5న కొలంబోపై దాడి. మరునాడు, అనగా ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌకనుండి లేచిన జపాను విమానాలు విశాఖపట్టణం రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. బంగాళాఖాతంలో పోతున్న వర్తకపు ఓడలు ఆ కొద్దిరోజులలోనే ఇరవైకి పైగా మునిగినవి. విశాఖ ఖాళీ అయినది. ఏప్రిల్ రెండవ వారంలో మద్రాసు ప్రభుత్వం, పనిలేనివారు పట్టణం విడిచిపోవడం మంచిదని ప్రకటించినది. కచేరీలు లోపలి జిల్లాలకు తరలినవి. బాంబు పడితే క్రూరమృగాలు బయటపడునేమో అని జంతుప్రదర్శనశాలలో వాటిని కాల్చివేసినారు. చిత్రమేమంటే, జపాను నౌకాబలం ఏప్రిల్ 9న ట్రింకోమలిపై దాడిచేసి వెనుదిరిగినది. ఇక్కడ రైళ్లలో కాలుపెట్టను సందులేని నాటికి అక్కడ శత్రువు దూరమవుతున్నాడు! ప్రభుత్వానికి ఆ సంగతి తెలియదు. తెలియనిది ప్రజకు ఎట్లా చెప్పగలదు?

విద్యార్థులు గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. ఆ యుద్ధకాలంలోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖ విడిచి గుంటూరుకు తరలినది. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. పాఠాలు ఆగలేదు.

ఇక 1971. ఈసారి వదంతియే ఆయుధమైనది. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుతూ బంగాళాఖాతంలోకి వచ్చినది. విక్రాంత్ అప్పటికి అండమాను దిక్కున ఉన్నది. తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ తరువాత వ్రాసిన గ్రంథాన్నిబట్టి, విక్రాంత్ విశాఖలోనే ఉన్నదని శత్రువు నమ్మేటట్లు ఆయన ఎత్తు వేసినారు. పెద్ద నౌకాదళానికి సరిపడా సరుకులకు ఊరిలోని కంట్రాక్టర్లకు ఆర్డరులిచ్చినారు. అంగడివీధిలో మాట ప్రాకక మానునా! డిసెంబరు 3–4 నడిరేయి ఘాజీ విశాఖ తీరానికి సమీపంలో, తొంబైమందికి పైగా నావికులతో మునిగినది. రాజ్‌పుత్ నౌక దెబ్బవలన అని మనవారు, లోపలి ప్రమాదమని వారు వాదిస్తారు. ఆ వాదం అట్లా ఉండనిండు. కూరగాయల పట్టీతో యుద్ధం చేయవచ్చునని తెలిసినది గదా!

హైదరాబాదులో 2007 ఆగస్టు 25న దాడి రూపమే వేరు. లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద బాంబులు ప్రేలి నలభైమందికి పైగా చనిపోయినారు. శత్రువుకు గుడారం లేదు, నౌక లేదు, విమానం లేదు. జనంలో ఒకడుగా వచ్చి ఒక సంచి పెట్టి పోయినాడు. ప్రేలని మరొక బాంబు దిల్‌సుఖ్‌నగర్‌లో దొరికినది.

2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చిచంపినారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మే 7 తెల్లవారుజామున మన సేనలు పాకిస్తానులోని స్థావరాలపై దెబ్బతీసినవి. ఆ రోజులలో చేతిఫోనులలో తిరిగిన చిత్రాలను తలచుకొనండి. పాకిస్తాను క్షిపణి మన దేశంపై పడినదని ఒక ప్రేలుడు దృశ్యం ఊరూరా పాకినది. అది 2020లో లెబనాను రాజధాని బేరూట్ రేవులో జరిగిన ప్రమాదమని ప్రభుత్వ సమాచారశాఖ చెప్పవలసివచ్చినది. రంగూను కూలీకి వార్త అందక ముప్పు వచ్చినది. మనకు వార్త అధికమై వచ్చుచున్నది.

అదే మే 7న విశాఖపట్టణంలోను, హైదరాబాదులోను పౌరరక్షణ అభ్యాసం జరిపి సైరనులు మ్రోగించినారు. పైకి లేచి క్రిందికి దిగుతూ సాగే కూత అపాయానికి గుర్తు. ఒకే స్థాయిలో ఎడతెగక సాగేది అపాయం తొలగినదనడానికి గుర్తు. తమ తరగతిలో ఎందరికి ఈ రెండింటి భేదం తెలుసునో ఉపాధ్యాయులు రేపు సోమవారం అడిగి చూడవచ్చును.