స్టీల్ టో ఒక్కటే చూస్తే చాలదు... బూటు తిరగేసి చూడండి

పాడుబడ్డ భవనాల సర్వేకు వెళ్లే ఫ్రెషర్లు తెలుసుకోవాల్సిన సంగతులు

సివిల్, ఆర్కిటెక్చర్ చదివి ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి నెలల్లోనే తగిలే పని ఒకటుంది. టేపు పట్టుకుని పాత భవనం కొలతలు తీసుకురావడం. ఏళ్ల తరబడి తాళం వేసిన గోదాము కావచ్చు, వారసులు వదిలేసిన పెంకుటిల్లు కావచ్చు, కూల్చే ముందు లెక్క కట్టాల్సిన పాత క్వార్టర్లు కావచ్చు. స్ట్రక్చరల్ ఆడిట్ సంస్థలు, బ్యాంకుల తరఫున ఆస్తి విలువ కట్టేవాళ్లు, బీమా సర్వేయర్లు, కన్జర్వేషన్ ఆర్కిటెక్టులు, కూల్చివేత కాంట్రాక్టర్లు... వీళ్లందరి దగ్గరా ఇలాంటి పని ఉంటుంది. ముందుగా పంపేది జూనియర్‌నే. లేజర్ మీటర్, రీబౌండ్ హ్యామర్ లాంటివి ఆఫీసు ఇస్తుంది. కాలికి ఏం వేసుకోవాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ చెప్పరు. కాలేజీకి వేసుకెళ్లిన స్నీకర్స్‌తోనే సైట్‌లో దిగిపోతారు.

వరంగల్ లాంటి ఊళ్లో ఈ పనికి కొదవ లేదు. నిజాం హయాంలో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. ఆ స్థలం ఇప్పుడు చాలావరకు రూపు మార్చుకుంది. 1886 నాటి సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేయించి, ఆస్పత్రి కోసం కూల్చేశారు. 2015లో కేంద్రం హృదయ్ పథకానికి ఎంచుకున్న 12 నగరాల్లో వరంగల్ ఒకటి. కోట, మెట్ల బావులు, పాత బజార్లలోని మండువా ఇళ్లు... కొలవాల్సినవి, గీయాల్సినవి, నిలబడతాయో లేదో తేల్చాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఏటా వానలు మొదలయ్యేసరికి శిథిల భవనాలకు నోటీసులు ఇవ్వడం కార్పొరేషన్‌కు మామూలే. ఆ భవనాల్లోకి వెళ్లి చూసి రిపోర్టు రాసేవాళ్లూ మీలాంటి ఇంజినీర్లే.

ముప్పు కింది నుంచి వస్తుంది

షాపుకెళ్లి సేఫ్టీ షూ అడిగితే ముందుగా చూపించేది ముందు భాగంలోని స్టీల్ టో. వేలితో టక్ టక్ కొట్టి మరీ వినిపిస్తారు. అది ముఖ్యం కాదని కాదు. కానీ కొత్తగా కడుతున్న భవనానికీ, పాడుబడ్డ భవనానికీ తేడా ఉంది. కొత్త సైట్‌లో పైనుంచి ఇటుకో, రాడ్డో పడుతుందని భయం. పాత భవనంలో దానికంటే ఎక్కువగా ఎదురయ్యేది కాలి కిందే ఉంటుంది. విరిగిన తలుపు చెక్కల్లోంచి పైకి లేచిన మేకులు, గడ్డిలో కనబడని సీసా పెంకులు, పగిలిన బంగళా పెంకులు, గచ్చులోంచి బయటికొచ్చిన తుప్పు కడ్డీలు. వీటి మీద స్టీల్ టో చేసేదేమీ లేదు. మేకు దిగేది అరికాల్లోకి.

అందుకే బూటు కొనేటప్పుడు మొదటి ప్రశ్న 'సోల్ లోపల ప్లేటు ఉందా?' అనేదే కావాలి. చవక రకాల్లో టో ఉంటుంది, ప్లేటు ఉండదు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది లేబుల్ చదివితేనే.

లేబుల్ ఏం చెబుతుంది?

మన దేశంలో వీటికి ప్రమాణం ఐఎస్ 15298. ఇందులో రెండో భాగం సేఫ్టీ ఫుట్‌వేర్. వేళ్ల మీద 200 జౌళ్ల దెబ్బను తట్టుకోవాలి. అంటే సుమారు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డా వేళ్లు నలగకూడదు. మూడో భాగంలోని ప్రొటెక్టివ్ ఫుట్‌వేర్‌కి ఇది 100 జౌళ్లే. నాలుగో భాగం, ఆక్యుపేషనల్ ఫుట్‌వేర్‌కి అసలు టో రక్షణే ఉండదు. మూడింటి పేర్లూ వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి భాగం నంబరు చూసుకోండి.

తర్వాత ఇంగ్లిష్ అక్షరాల గుర్తులు. ఎస్1 అని మాత్రమే ఉంటే టో ఉంది, ప్లేటు లేదు. ఎస్1పీ అంటే ప్లేటు కూడా ఉంది. ఎస్3 అంటే ప్లేటుతో పాటు నీరు త్వరగా లోపలికి ఇంకని పై భాగం, గాట్లున్న సోల్. ఎస్5 అంటే అవే రక్షణలతో గమ్ బూటు. పాడుబడ్డ భవనాలకు మా ఓటు ఎస్3కే. నడి ఎండాకాలం, పొడి నేల అయితే ఎస్1పీ సరిపోతుంది. నీళ్లు నిలిచిన సెల్లార్లకు ఎస్5 కావాలి. ఎరువుల దుకాణంలో దొరికే మామూలు గమ్ బూట్లు తడవకుండా కాపాడతాయి తప్ప మేకును ఆపవు.

'పీ' పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే దాని పరిమితీ అర్థమవుతుంది. 4.5 మిల్లీమీటర్ల మందం ఉన్న మేకును 1100 న్యూటన్ల బలంతో సోల్‌లోకి నొక్కుతారు. అంటే దాదాపు 110 కిలోల బరువు. మామూలుగా నడిచేటప్పుడు ఇది చాలు. మెట్లు విరిగాయి కదా అని నాలుగడుగుల ఎత్తు నుంచి దూకితే మీ బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలం పడుతుంది. అప్పుడు ప్లేటు ఆపుతుందన్న గ్యారంటీ లేదు. ప్లేట్లలోనూ రెండు రకాలున్నాయి. స్టీల్‌ది సన్న మేకులనూ బాగా ఆపుతుంది, కానీ అంచుల దాకా రాదు, బరువు ఎక్కువ. నేసిన ఫైబర్‌ది తేలిక, పాదమంతా పరుచుకుంటుంది, కానీ మరీ సన్నని మేకు దూరిపోయే వీలుంది. పాత చెక్కపని ఎక్కువున్న ఇళ్లకు స్టీల్ మేలు.

యాంటీస్టాటిక్ అని రాసి ఉంటే కరెంటు షాక్ కొట్టదని అనుకునేవాళ్లు చాలామంది. అది నిజం కాదు. వదిలేసిన భవనంలో సరఫరా కట్ చేశారని ఎవరో చెప్పినంత మాత్రాన నమ్మొద్దు. తీగలు వేలాడుతుంటే ఎలక్ట్రీషియన్ చూశాకే లోపలికి వెళ్లండి.

అన్నట్టు, ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఏ కంపెనీదో, లైసెన్స్ ఇంకా నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని.

తయారీ తేదీ కూడా చూడండి. పీయూ సోల్ వాడకపోయినా పాడవుతుంది. గాలిలోని తేమకు లోపల్లోపలే చివికి, డబ్బాలో కొత్తగా కనిపించిన బూటు నాలుగడుగులు వేసేసరికి పెచ్చులుగా రాలిపోతుంది. పాత స్టాకు సగం ధరకు ఇస్తున్నారంటే కారణం ఇదే కావొచ్చు.

జారడం సంగతి

ఎస్ఆర్‌సీ అని ఉంటే సబ్బునీళ్లు పోసిన టైల్ మీద, గ్లిజరిన్ పూసిన స్టీల్ మీద పరీక్షించారని అర్థం. పాకుడు పట్టిన రాయి మీద ఏ ల్యాబూ పరీక్షించదు. శివనగర్ మెట్ల బావిలాంటి కట్టడాల్లో వానాకాలం దిగాల్సి వస్తే లోతైన గాట్లున్న రబ్బరు సోల్ సాయపడుతుంది. దానికంటే ఎక్కువ సాయపడేది ఒక చేత్తో గోడ పట్టుకుని పక్కకు తిరిగి దిగడం. మడమ దగ్గర సోల్ తేడాగా, మెట్టులా దిగి ఉండాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు పాదం ముందుకు జారకుండా ఆపేది అదే.

ఎత్తు చీలమండ దాటాలి. ఇటుక ముక్కల మీద కాలు మడత పడకుండా ఉంటుందని ఒక కారణం. పాములు రెండోది. రక్తపింజర, కట్లపాము, నాగుపాము... ఎలుకలున్న పాడు ఇళ్లు వాటికి ఇష్టం. పాము కాట్లలో ఎక్కువ పడేది పాదం, చీలమండ చుట్టుపక్కలే. మందపాటి ప్యాంటు, ఎత్తు బూటు ఉంటే కొంత నయం. సైట్‌లో విప్పి పెట్టిన బూటును తిరిగి వేసుకునే ముందు బోర్లించి దులపాలి, తేలు ఉండొచ్చు.

సైజు విషయానికొస్తే సాయంత్రం పూట, మందం మేజోళ్లతో వేసి చూడండి. అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మెట్లు దిగుతూ చూస్తే వేళ్లు ముందు టోకు తగులుతున్నాయో లేదో తెలుస్తుంది. అమ్మాయిలకు ఇక్కడ నిజంగా ఇబ్బంది ఉంది. మగవాళ్ల చిన్న సైజే ఇచ్చి రెండు జతల మేజోళ్లు వేసుకోమంటారు. మడమ లోపల ఆడుతుంటే ఆ బూటు వల్లే జారి పడతారు. మహిళల కొలతలతో చేసినవి దొరుకుతాయి, ఆర్డర్ పెట్టించుకోవాలి. ఆఫర్ లెటర్ వచ్చాక హెచ్‌ఆర్‌కి సైజు ముందే పంపండి.

గుడి దగ్గర లెక్క వేరు. శిథిలాలయమైనా, పూజలు లేకపోయినా, ఊరివాళ్లు చెప్పులతో లోపలికి రానివ్వకపోవచ్చు. వాళ్లతో వాదనకు దిగొద్దు. ముందురోజే పెద్దమనుషులను అడిగి, నేల ఊడిపించి, మందపాటి మేజోళ్లతో వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. విప్పడం తేలికని పక్కన జిప్ ఉన్న బూట్లు తీసుకునే సర్వేయర్లూ ఉన్నారు.

బూటు చేయలేని పని

ఏ బూటూ కుళ్లిన దూలాన్ని గట్టిపరచదు. సిమెంట్ రేకుల కప్పు మీద కాలు పెట్టకండి, ఎంత మంచి ఎస్3 అయినా రేకుతో పాటే కిందపడుతుంది. ఇంటర్వ్యూల్లో పీపీఈ గురించి అడిగితే చాలామంది హెల్మెట్, షూ, గ్లోవ్స్ అని గడగడా చెప్పేస్తారు. సేఫ్టీ తెలిసిన ఇంటర్వ్యూయర్ వినాలనుకునేది వేరు. ముందు ప్రమాదాన్ని తొలగించడం, కుదరకపోతే తక్కువ ప్రమాదకరమైన దారి ఎంచుకోవడం, ఆ తర్వాత అడ్డుకట్టలు, పని పద్ధతులు, అన్నిటికంటే చివర పీపీఈ. ఈ వరుసను ఒక పాత భవనం ఉదాహరణతో చెప్పండి. లోపలికి వెళ్లకుండా డ్రోన్‌తో కప్పు ఫొటోలు తీయడం, మేకులున్న చెక్కలను ముందే తీయించడం, ఒంటరిగా వెళ్లకపోవడం, వీటన్నిటి తర్వాత బూటు. సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవాళ్లకు ఇది మరీ అవసరం.

రీల్స్ కోసం తాళం దూకి వెళ్లేవాళ్లకు ఒక మాట. యజమాని అనుమతి లేకుండా వెళ్తే అక్రమ ప్రవేశం కింద భారతీయ న్యాయ సంహితలోని 329వ సెక్షన్‌తో కేసు పెట్టే వీలుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు వేరే చట్టమే ఉంది. సర్కారు కొలువు వచ్చినప్పుడు నింపే ఫారంలో మీ మీద కేసులున్నాయా అని అడుగుతారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మేకు దిగిందనుకోండి. పసుపు పెట్టి, కట్టు కట్టి పనిలో పడితే కుదరదు. మేకుతో పాటు మేజోడు దారాలు, సోల్ రబ్బరు ముక్కలు లోపలికి పోతాయి, పైన గాయం చిన్నగానే కనిపిస్తుంది. లోపల చీము పట్టి ఎముక దాకా పాకిన కేసులు వైద్యులకు కొత్త కాదు. సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ టీకాల పట్టికలో ధనుర్వాతం టీకా చివరిగా ఇచ్చేది 16 ఏళ్లకు. మురికి గాయమైతే చివరి డోసు వేసుకుని ఐదేళ్లు దాటినవాళ్లకు మళ్లీ వేయాల్సి ఉంటుంది. బీటెక్ ముగించి ఉద్యోగంలో చేరేసరికి మీలో చాలామందికి ఆ ఐదేళ్లు దాటిపోతాయి.

ఇక డబ్బు సంగతి. సైట్ పనికి రక్షణ పరికరాలు ఇవ్వాల్సింది పని ఇచ్చినవాళ్లే. ఉద్యోగులకు ఇచ్చి ఇంటర్న్‌లను మరిచిపోయే సంస్థలున్నాయి. చేరేముందే మెయిల్‌లో అడగండి, 'సైట్ విజిట్‌కు ఎస్3 సేఫ్టీ షూ సంస్థ ఇస్తుందా, నేను తెచ్చుకోవాలా?' అని. ఇలా అడిగినందుకు ఉద్యోగం పోదు. జవాబు రాలేదంటే మొదటి జీతం దాకా ఆగకుండా సొంతంగా ఒక జత కొనుక్కోవడమే మంచిది. బిల్లు దాచుకోండి, తర్వాత క్లెయిమ్ చేయొచ్చు. ఏదైనా బలంగా పడి టో ఒక్కసారి దెబ్బతిన్నా ఆ జత పక్కన పెట్టేయాలి, పైకి బాగానే కనిపించినా సరే. పావురాల రెట్ట, రేకుల దుమ్ము అంటిన బూట్లను పొడిగా దులపకుండా తడిగుడ్డతో తుడిచి, హాస్టల్ గది బయటే విడవండి.